మూడో అంతస్తులో టేక్వాండో

మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. సోల్ నగరంలో మాపో జిల్లా, మాంగ్‌వన్ పేట. ఓ ప్రాథమిక పాఠశాల గేటు ముందు నిలబడి ఉన్నారు మీరు. హాన్ నది వైపు నుంచి వచ్చే గాలి చల్లగానే ఉంది గానీ, ఎండ మాత్రం మే నెల ఎండే. గేటు పక్కన పసుపు వ్యాన్లు బారులు తీరాయి. పియానో క్లాసుది ఒకటి, ఇంగ్లీషు ట్యూషన్‌ది ఒకటి, తక్కిన మూడూ టేక్వాండోవి. ఒకటో తరగతి పిల్లలు తమకన్నా వెడల్పాటి బ్యాగులు తగిలించుకుని బయటికొస్తున్నారు. ట్రాక్‌సూట్ వేసుకున్న పాతికేళ్ల కుర్రాడొకడు వాళ్లను దూరం నుంచే గుర్తుపట్టి చెయ్యెత్తాడు. పిల్లలు టక్కున ఆగి, అరచెయ్యి కనుబొమకు ఆనించి, "టేక్వన్!" అని సెల్యూట్ కొట్టారు. ఆ మరుక్షణమే వాళ్లలో ఒకడు వచ్చి ఆ ట్రాక్‌సూట్ చేతికే ముక్కు తుడుచుకున్నాడు.

ఆ కుర్రాడు సాబమ్‌నిమ్. పిల్లలకు పాఠం చెప్పే మాస్టారు. యొంగిన్ యూనివర్సిటీలో టేక్వాండోలోనే డిగ్రీ చేసి వచ్చాడు. స్టీరింగు ముందు కూర్చున్న యాభై దాటినాయన గ్వాన్‌జాంగ్‌నిమ్, డోజాంగ్‌కు, అంటే టేక్వాండో శిక్షణశాలకు, పెద్ద. ఏడో డాన్ మనిషి, అంటే నల్ల బెల్టులో ఏడో మెట్టు. సినిమాల్లో అయితే ఇలాంటి గురువు జలపాతం పక్కన కళ్లు మూసుకుని కూర్చుంటాడు. ఈయన రియర్‌వ్యూ అద్దంలోంచి సీటుబెల్టులు లెక్కపెడుతున్నాడు. 2013లో ఓ చిన్న పాప డేకేర్ వ్యాను కింద పడి చనిపోయింది. అప్పుడు దేశమంతా అట్టుడికిపోయి, 2015 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. పిల్లల వ్యాన్లో డ్రైవరు కాక ఇంకో పెద్ద మనిషి ఉండి తీరాలి, దించేటప్పుడు కిందికి దిగి చెయ్యి పట్టుకోవాలి. చిన్న డోజాంగ్‌కు ఇది ఇంకో జీతం. అందుకే సాబమ్‌నిమ్ రోజూ మధ్యాహ్నం సగం కాలం తన్నడం నేర్పుతాడు, సగం కాలం తలుపు తీసి మూస్తాడు.

వ్యాను లోపల పెళ్లివారి బస్సంత గోల. ఎవరికో పన్ను ఊడింది, అది జేబులో ఉంది, అందరూ చూడాలి. ఇంకెవరో క్లాసులో ఏడ్చారు, కానీ ఏడవలేదట. గ్వాన్‌జాంగ్‌నిమ్ ఏ మాటకూ తిరిగి చూడడు, అన్నీ వింటాడు. మాంగ్‌వన్ మార్కెట్ సందు మలుపులో బండి ఆపి, "మీ అమ్మమ్మ ఆసుపత్రి నుంచి వచ్చిందా?" అని వెనక సీటు పాపను అడుగుతాడు. "నే!" అంటుంది పాప, గొంతు చించుకుని. కొరియా పిల్లలు గురువుకు అవునని చెప్పాలంటే అంత గట్టిగానే చెప్పాలి.

బిల్డింగులో కింద వేయించిన చికెన్ కొట్టు, దాని మీద పళ్ల డాక్టరు, ఆ పైన డోజాంగ్. లిఫ్టు ఉంది. పిల్లలకు అది నిషేధం. మీరు మెట్లెక్కుతుంటే నూనె వాసన, పళ్ల మందుల వాసన దాటాక మూడోది తగులుతుంది: రబ్బరు చాపలు, చెమట, శుభ్రంగా ఉతికిన నూలు బట్ట. గుమ్మం దగ్గర చెప్పుల అర. అక్కడ ఆగి, ఎదురుగోడ మీది జాతీయ జెండాకు వంగి దండం పెట్టాకే చాప మీద కాలు మోపాలి. మీకూ అదే రూలు. మర్చిపోయి మీరు తిన్నగా నడిచేస్తే ఆరేళ్ల పసుపు బెల్టు ఒకతి అడ్డంగా నిలబడి, గుమ్మం వైపు వేలు చూపిస్తుంది.

"చార్యత్!" సాబమ్‌నిమ్ గొంతు మారిపోయింది. వ్యాన్లో ముక్కు తుడిపించుకున్న మనిషి కాదిప్పుడు. మడమలు కలిశాయి, పిడికిళ్లు తొడలకు అంటుకున్నాయి. "గ్యంగ్‌న్యే!" అందరూ వంగారు. తర్వాత మోకాళ్లు, మడమలు, నడుము. తర్వాత తాళ్లు తీశారు. అవును, తాడాటే. పావుగంట సేపు చాపంతా తాళ్ల చప్పుడు. ఒక్క గెంతులో తాడు రెండుసార్లు తిప్పగలిగినవాడు ఆ వారం హీరో. స్కూల్లో వ్యాయామం మార్కులకు తాడాట కావాలి, తల్లిదండ్రులకు ఆ మార్కులు కావాలి, అందుకని డోజాంగ్ తాడు పట్టింది. శుక్రవారం వస్తే డాడ్జ్‌బాల్. సెలవుల్లో ఓ రాత్రి ఇక్కడే దుప్పట్లు పరచి పడుకోవడం. ఇంటికి హోంవర్కు కూడా ఉంటుంది: ఈ వారం అమ్మ కాళ్లు కడగాలి, వచ్చే వారం గిన్నెలు తోమాలి, చేసినట్టు ఫొటో చూపించాలి.

టేక్వాండో పెద్దల్లో కొందరికి ఇదంతా గిట్టదు. యుద్ధకళను పిల్లల్ని కాచే దుకాణం చేశారని వాళ్ల బాధ. నాకు మాత్రం అది కళకు పట్టిన చెదలా కనిపించదు. ఇద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో ఒకటో తరగతి బిడ్డ ఒంటిగంటకే బయటికొస్తే, సాయంత్రం ఏడు దాకా ఎవరు చూడాలి? ఆ ప్రశ్నకు ఈ పేటలో దొరికిన జవాబుల్లో అందరికీ అందుబాటులో ఉన్నది ఈ పసుపు వ్యానే. తన్నడం నేర్పే చోట్లు ప్రపంచంలో చాలా ఉన్నాయి. పన్ను ఊడిన సంగతి చెప్పుకోవడానికి రోజూ ఒకే మనిషి దొరికే చోట్లు తక్కువ.

ఆ జవాబుకీ ఇప్పుడు గడ్డుకాలమే. 2023లో కొరియాలో ఒక్కో స్త్రీకి సగటు సంతానం 0.72కు పడిపోయింది. గ్వాన్‌జాంగ్‌నిమ్‌కు ఆ అంకె నోటికొచ్చు. చెప్పుల అర వైపు చూడండి. పై రెండు వరసలూ ఖాళీ. వాటిలో ఇప్పుడు తాళ్లు పెట్టుకుంటున్నారు.

అయిదున్నరకు వచ్చే బ్యాచి వేరు. వీళ్లు నాలుగు, అయిదు తరగతుల వాళ్లు, ఎర్ర బెల్టులు. శనివారం పరీక్ష ఉంది, నల్ల బెల్టు గుమ్మం దాటే పరీక్ష. కానీ పదిహేనేళ్లు నిండనివాళ్లకు డాన్ ఇవ్వరు, పూమ్ ఇస్తారు. నడుముకు వచ్చేది పూర్తి నలుపు కాదు, సగం ఎరుపు, సగం నలుపు. ఆ సగం నలుపు కోసమే ఈ వారమంతా ఒకరి ముఖంలోనూ నవ్వు లేదు.

పరీక్షకు రావలసింది తేగుక్ పుమ్సేలు, ఒకటి నుంచి ఎనిమిది దాకా. ఊహల్లోని ప్రత్యర్థితో ఒంటరిగా చేసే వరస అన్నమాట. జెండా మీద మూలల్లో నల్ల గీతల గుంపులు నాలుగు కనిపిస్తున్నాయి కదా, పాత చైనా యీచింగ్ గ్రంథంలో అలాంటివి మొత్తం ఎనిమిది. ఒక్కో పుమ్సేకు ఒక్క గుర్తు: ఆకాశం, సరస్సు, నిప్పు, ఉరుము, గాలి, నీరు, కొండ, భూమి. పిల్లలు నేల మీద వేసే అడుగులు కూడా ఆ మూడు గీతల దారినే పోతాయి. మొదటి తేగుక్ ఆకాశానిది, పద్దెనిమిది కదలికలు. ఎడమకు తిరిగి కింది అడ్డు, ఓ అడుగు ముందుకు వేసి గుద్దు. వెనక్కి తిరిగి మళ్లీ అదే. చూడ్డానికి ఇంతే. 2023 మార్చిలో సోల్ నడిబొడ్డున గ్వాంగ్వామున్ కూడలిలో పన్నెండు వేల మందికి పైగా ఒకేసారి దీన్నే చేసి గిన్నిస్ పుస్తకానికెక్కారు. ఈ డోజాంగ్ నుంచీ ఓ వ్యానెడు మంది వెళ్లొచ్చామని చెబుతారు.

"హనా!" అన్నాడు సాబమ్‌నిమ్. పన్నెండు జతల పాదాలు ఒక్కసారే తిరిగాయి. "దుల్! సెత్! నెత్!" హైదరాబాద్‌లోనో విజయవాడలోనో స్కూలు గ్రౌండులో టేక్వాండో నేర్చుకున్న పిల్లలున్నా ఈ అంకెలు వినగానే వెన్ను నిటారు చేస్తారు, అక్కడా లెక్క కొరియా భాషలోనే. సాధన దుస్తులైన తెల్ల దోబోక్‌ల చేతులు గాలిని కోస్తే వచ్చే 'ఛట్' చప్పుడు పిల్లలకు ఎంతో ఇష్టం. కొందరు గుద్దు కోసం కాక ఆ చప్పుడు కోసమే చెయ్యి విసురుతారు. గ్వాన్‌జాంగ్‌నిమ్‌కు అది తెలుసు. వరసల మధ్య నడుస్తూ ఒక అబ్బాయి వెనక ఆగి, రెండు చేతులతో నడుము పట్టుకుని కాస్త తిప్పి వదిలేశాడు, మాటల్లేకుండా. ఆ అబ్బాయి మళ్లీ గుద్దాడు. ఈసారి బట్ట చప్పుడు చిన్నదైంది, కానీ ఎదురుగా నిలబడ్డ మీరు అడుగు వెనక్కి వేశారు.

తర్వాత కట్టుకునేవి హోగులు, అంటే ఛాతీ కవచాలు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. వెనక తాళ్లు ఒకరికొకరు కట్టాలి, ఎవరికి వాళ్లు కట్టుకోలేరు. అయిదు నిమిషాల్లో తన్నుకోబోయే ఇద్దరు ముందుగా ఒకరి వీపు దగ్గర ఒకరు నిలబడి, "బిగువైందా? ఊపిరి ఆడుతోందా?" అని అడుగుతున్నారు. మొదలయ్యాక మాత్రం దయ లేదు. మొండేనికి తగిలిన కాలికి రెండు పాయింట్లు, తలకు తగిలితే మూడు, గిర్రున తిరిగి తలకు తగిలితే అయిదు. గుద్దుకు ఒక్కటే, అదీ దక్కితేనే. అందుకే టేక్వాండోలో చేతులకన్నా కాళ్లు తెలివి మీరాయి. టోక్యో ఒలింపిక్స్‌లో సొంత ఆటలోనే కొరియాకు ఒక్క బంగారు పతకం రాలేదు. పేటలన్నీ గొణుక్కున్నాయి. 2024లో పారిస్‌లో పాక్ తేజున్, కిమ్ యూజిన్ చెరో బంగారం తెచ్చాక మళ్లీ ఆడపిల్లల బ్యాచిలు నిండాయని ఇక్కడి వాళ్లంటారు. కిమ్ యూజిన్ పొడవాటి కాలు తనకూ వస్తుందని ఓ పదేళ్ల పిల్ల గట్టి నమ్మకంతో ఉంది. ప్రస్తుతానికి ఆ కాలు అవతలి పిల్లాడి చంక దాకా వెళుతోంది.

పిల్లలు వెళ్లాక గోడలు చూడండి. సర్టిఫికెట్ల మధ్య ఓ నలుపు తెలుపు ఫొటో: తెల్ల బట్టల్లో పాతిక మంది మగవాళ్లు, ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. గ్వాన్‌జాంగ్‌నిమ్ గురువుగారి గురువు అందులో ఉన్నాడు, మూడో వరసలో. వాళ్లది ము డొక్ క్వాన్. 1945లో హ్వాంగ్ కీ మొదలుపెట్టిన శాఖ అది. జపాన్ పాలన విరగడైన కొత్తలో సోల్‌లో ఇలాంటి శాఖలు ఒకటొకటిగా లేచాయి. అంతకు ముందే, 1944లో, చంగ్ దో క్వాన్ పెట్టిన లీ వన్ కుక్ లాంటి వాళ్లు జపాన్‌లో కరాటే నేర్చుకుని వచ్చినవాళ్లు. 'టేక్వాండో' అన్న పేరు 1955 దాకా లేనే లేదు. పోస్టర్ల మీద రెండు వేల ఏళ్ల చరిత్ర అని రాసుంటుంది. ఆ రాత కన్నా ఈ ఫొటోకే నేను ఎక్కువ విలువిస్తాను. శాఖల మధ్య పట్టింపులు తక్కువ కాదు. అందరూ ఒక గొడుగు కిందికి రావాలన్నప్పుడు హ్వాంగ్ కీ రానన్నాడు. ఆయన శిష్యుల్లో చాలామంది ఆయన్ని వదిలి కొత్త సంఘంలోకి వెళ్లారు. ఈ ఫొటోలోని వాళ్లు కూడా తర్వాత రెండు పక్షాలయ్యారు, కొందరు మళ్లీ జన్మలో మాట్లాడుకోలేదు. ఇప్పుడు ఈ చాప మీద గెంతే ఏ పిల్లాడినైనా "మీది ఏ క్వాన్?" అని అడగండి. కింద చికెన్ కొట్టు ఉన్న డోజాంగ్ అని చెబుతాడు.

రాత్రి తొమ్మిదింటికి పెద్దవాళ్ల క్లాసు. అయిదారుగురే. కొరియాలో పెద్దయ్యాక టేక్వాండో నేర్చుకోవడం కొంచెం వింత పనే. హైస్కూలు చదువు పట్టగానే మానేస్తారు, మగవాళ్లు మళ్లీ సైన్యంలో తప్పనిసరి సేవకు వెళ్లినప్పుడు తంతారు. ఇక్కడున్న బ్యాంకు ఉద్యోగి అలా సైన్యంలో తెచ్చుకున్న నల్ల బెల్టు కట్టుకున్నాడు, పొట్ట మీద ముడి కొంచెం కష్టంగా నిలుస్తోంది. ఇంకొకామె కొడుకును దింపడానికి వచ్చీ వచ్చీ, కిటికీ బయట కూర్చోవడం విసుగెత్తి తనే చేరింది. మీకూ ఒక దోబోక్ ఇచ్చారు. మడతల గీతలు ఇంకా పోని కొత్త తెలుపు, బెల్టూ తెలుపే. ముడి వేయడం రాక రెండు కొసలూ పట్టుకుని నిలబడ్డారు. ఆమె కొడుకు, తొమ్మిదేళ్లవాడు, సగం నలుపు బెల్టువాడు, హోంవర్కు పక్కన పెట్టి లేచొచ్చాడు.

"అజొష్షి, ఎడమది పైకి రావాలి."

మీరు వాడికి బాబాయి వయసు మనిషి కాబట్టి వాడు మర్యాదగానే పిలిచాడు. వాడిది పెద్ద బెల్టు కాబట్టి మీరు బుద్ధిగా విన్నారు. ఈ రెండు మర్యాదలూ ఒకే చాప మీద ఎలా ఇముడుతాయో కొత్తలో అర్థం కాదు. పది నిమిషాల్లో వాడు మీ మోకాలిని కాలి బొటనవేలితో తట్టి, "ఇంకా వంచాలి" అంటున్నాడు. మీరు వంచుతున్నారు. తొడ వణుకుతోంది. "దాసత్, యొసత్..." లెక్క ఆగదు. పక్కన బ్యాంకాయన ఊపిరి ఇంజన్లా వినిపిస్తోంది, అదే కాస్త ధైర్యం. "కిహాప్!" అన్నారు గ్వాన్‌జాంగ్‌నిమ్. కడుపులోంచి కేక రావాలి. మీ నోట్లోంచి మొదటిసారి వచ్చింది దగ్గు. ఎవరూ నవ్వలేదు. రెండోసారి ఏదో వచ్చింది. తొమ్మిదేళ్లవాడు తలాడించి హోంవర్కుకు వెళ్లిపోయాడు.

క్లాసయ్యాక చాప తుడవడం అందరి పని. ఏడో డాన్ ఆయన ఒక అంచు నుంచి, తెల్ల బెల్టు మీరు ఇంకో అంచు నుంచి, తడిబట్టలతో మోకాళ్ల మీద. మధ్యలో కలిసినప్పుడు ఆయన మిమ్మల్ని శనివారం ఖాళీయేనా అని అడిగారు. వ్యాన్లో ఓ పెద్ద మనిషి తక్కువయ్యాడట.

అలా శనివారం పొద్దున్నే మీరు పన్నెండు మంది ఎర్ర బెల్టులతో నది ఒడ్డు రహదారి మీద తూర్పుకు పోతున్నారు. ఈ రోజు వ్యాన్లో గోల లేదు. ఒకడు కళ్లు మూసుకుని, ఒళ్లో చేతులతో ఏడో తేగుక్ చేసుకుంటున్నాడు. కొండది అది, మధ్యలో తడబడే చోటు ఒకటుంది. అక్కడికి రాగానే వాడి చేతులు ఆగి, మళ్లీ మొదటి నుంచి మొదలవుతున్నాయి. హన్నామ్ వంతెన దాటితే గంగ్నమ్. గాజు మేడల సందుల్లోంచి వ్యాను నెమ్మదిగా యొక్సామ్ గుట్టెక్కింది. పైన పాత కొరియా పద్ధతి పెంకుల కప్పుతో నిలబడి ఉంది కుక్కివన్.

1972 నవంబరు 30న తెరిచిన హాలిది. మరుసటి ఏడు మేలో మొదటి ప్రపంచ పోటీలు ఇక్కడే జరిగాయి, అవి ముగిసీ ముగియగానే ప్రపంచ సమాఖ్య పుట్టింది కూడా ఇక్కడే. ఇప్పుడు ప్రపంచంలో ఏ మూల ఈ సమాఖ్య పద్ధతిలో నల్ల బెల్టు కట్టినా దాని కాగితం మీద చాలావరకు ఈ చోటి పేరే ఉంటుంది. అంత పేరున్న హాలు లోపలికి వెళితే మీకు ముందు కనిపించేది మూత్రశాల ముందు క్యూ. వందలమంది పిల్లలు, అందరికీ ఒకేసారి.

నేల మీద గళ్లు గళ్లుగా బరులు. చుట్టూ మెట్ల వరసల్లో తల్లిదండ్రులు, చేతుల్లో ఫోన్లు. పిల్లల వీపులకు అంకెల కాగితాలు. మీ పన్నెండుగురూ వేరే డోజాంగ్‌ల వాళ్లలో కలిసిపోయారు. తెల్లబట్టల గుంపులో మీరు గుర్తుపట్టేది నడకను బట్టే. బల్ల వెనక పరీక్షకులు. అక్కడి నుంచి మైకులో పిలుపు: "చార్యత్. గ్యంగ్‌న్యే. జున్‌బీ. సిజాక్!" సిద్ధం కండి, మొదలుపెట్టండి అని. ఏ పుమ్సే చేయాలో అప్పుడే చెప్పారు. మీ పక్కన నిలబడ్డ సాబమ్‌నిమ్ పెదాలు కదులుతున్నాయి. అతని నడుము దగ్గర చేతులు చిన్నగా తిరుగుతున్నాయి, తనకే తెలియకుండా. కళ్లు మూసుకున్న ఆ అబ్బాయి బరిలో ఉన్నాడు. ఏడోది అడగలేదు, మూడోది అడిగారు. మొహంలో ఒక్క క్షణం కనిపించింది, మోసపోయినట్టు. తర్వాత కాళ్లు వాటంతటవే నడిచాయి.

నిజం చెప్పాలంటే ఈ పరీక్షలో తప్పేవాళ్లు బహుతక్కువ. తయారు కానివాడిని గ్వాన్‌జాంగ్ ముందే ఆపుతాడు. పై మెట్ల మీద ఎవరికీ అది గుర్తులేదు. జత కుదిర్చి తన్నుకోమన్నప్పుడు మన పదేళ్ల పిల్లకు ఎదురుగా తనకన్నా తలెత్తు ఎక్కువ ఉన్న అబ్బాయి పడ్డాడు. ఆ పిల్ల ఒకసారి కిందపడింది. హాలంతటి రొదలోనూ వాళ్లమ్మ ఊపిరి బిగబట్టిన చప్పుడు మీకు వినబడింది. లేచి, బెల్టు సర్దుకుని, కాలు ఎత్తింది. ఈసారి చంక దాటి పైకి వెళ్లింది. హెల్మెట్‌కు తాకిందో లేదో మీకు తెలియలేదు గానీ మెట్ల మీద మాంగ్‌వన్ వాళ్లంతా లేచి నిలబడ్డారు, మీతో సహా.

ఫలితం వేరే రోజు వస్తుంది. బెల్టు మీద పేరు కుట్టించి గ్వాన్‌జాంగ్‌నిమ్ డోజాంగ్‌లోనే కడతారు. ఈ రోజుకు మిగిలింది జాజాంగ్‌మ్యన్. పట్టా తీసుకున్నా, ఇల్లు మారినా, పరీక్ష రాసినా కొరియాలో తినేది ఈ నల్ల సోయా ముద్ద కలిపిన నూడుల్సే. చైనా హోటలు గుమ్మంలో గ్వాన్‌జాంగ్‌నిమ్ మొదటి ఆజ్ఞ: దోబోక్ చొక్కాలు విప్పి సంచిలో పెట్టండి. కిందటిసారి ఎవరి తెల్ల చొక్కా నల్ల ముద్దకు బలైందో, ఆ తల్లి ఏమన్నదో సాబమ్‌నిమ్ మీ చెవిలో చెబుతున్నాడు. పిల్లలు బనీన్లతో వరసగా కూర్చున్నారు. మూతులు అప్పుడే నల్లబడ్డాయి. పొద్దున్నంతా మాట పెగలని నోళ్లన్నీ ఒకేసారి తెరుచుకున్నాయి. ఏ అంకెవాడు ఏడ్చాడు, ఎవరి బెల్టు మధ్యలో ఊడింది, ఆ పొడుగు వాడిది కచ్చితంగా దొంగ వయసు. తంగ్సుయుక్ వచ్చింది, తీపి పులుపు పాకంతో వేపిన పంది మాంసం. పాకం మీద పోసుకోవాలా, ముక్క ముంచుకోవాలా? కొరియా దేశమంతా రెండుగా చీలిపోయే ప్రశ్న ఇది, ఇక్కడా చీలింది. పోసేవాళ్లు గిన్నె ఎత్తారు, ముంచేవాళ్లు చేతులు అడ్డం పెట్టారు.

"చార్యత్!" అన్నారు గ్వాన్‌జాంగ్‌నిమ్. పన్నెండు వీపులు నిటారుగా లేచాయి. ఆ సందులో ఆయన పాకమంతా తన ప్లేటులో పోసేసుకుని, ఇంకో గిన్నె తెమ్మని చెయ్యెత్తారు.